మేడ మీద ఎగిరిపడ్డ గొడ్డలి

మొన్న ఆదివారం గౌలిపురలో మా మామ వాళ్ల మేడ మీద ఒక గొడ్డలి తల ఊడి, ఎగిరి వెళ్లి నీళ్ల ట్యాంకుకు తగిలింది. దానికి రెండడుగుల పక్కన మా బావమరిది రీల్ తీస్తూ నిలబడ్డాడు. ఊపింది నేనే. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అది ఆన్‌లైన్‌లో కొన్న గొడ్డలి. రెండువైపులా నెలవంకల్లాంటి రేకులు, మధ్యలో పుర్రె, చుట్టూ ముళ్లు. గేమింగ్ టేబుల్ వెనక గోడకు పెడదామని తెప్పించా. చేతిలోకి తీసుకోగానే బరువు చూసి 'అబ్బ, ఒరిజినల్‌లా ఉంది' అనుకున్నా. అక్కడే తప్పులో కాలేశా.

నిజం యుద్ధపు గొడ్డళ్లు అంత బరువుండవు. చాలావరకు కిలో, రెండు కిలోల మధ్యే. గురి తప్పితే వెంటనే వెనక్కి లాక్కోవాలి కదా, లేకపోతే ఎదుటివాడి కత్తి దిగిపోతుంది. కట్టెలు కొట్టే గొడ్డలి మొద్దును చీల్చాలి కాబట్టి దాని తల లావు. యుద్ధానికి చేసినది పల్చన, ఎక్కువగా ఒకవైపే పదును. మరి గేముల్లో కనిపించే జంట రేకులు? క్రీట్ ద్వీపంలో మూడున్నర వేల ఏళ్ల కిందటి మినోవన్లవి దొరికాయి, కానీ వాటిలో చాలా వాటిని దేవతలకు సమర్పించడానికి పల్చటి కంచు, బంగారు రేకులతో చేశారు. కొట్లాటకు కాదు.

గౌలిపుర నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. ఈసారి వెళ్తే చైనా బొమ్మలు, గడియారం దగ్గరే ఆగిపోకుండా ఆయుధాల గ్యాలరీ కూడా చూడండి. మొఘల్, దక్కన్ సైనికులు వాడిన గొడ్డలిని తబర్ అంటారు. గుర్రం జీనుకు తగిలించుకునేది తబర్‌జీన్. కొన్నిటికి ఇనుప గొట్టమే పిడి, దాని లోపల ఒక చిన్న కత్తి. బంగారు తీగ నగిషీ చేసినవీ ఉండేవి. అంటే అందం తప్పేం కాదు. వాళ్లు ముందు గొడ్డలి చేసి, తర్వాత బంగారం అద్దారు. నాదానికి ముందు పుర్రె గీసి, తర్వాత పిడి దూర్చినట్టున్నారు.

ఆ మాటకొస్తే ఉక్కు మన సబ్జెక్టే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు ఇక్కడిదాకా వచ్చేవాళ్లు.

మామ ఆ ఊడిన తలను తిప్పి చూశాడు. "ఇదేం గొడ్డలి అల్లుడా? ఒక్క స్క్రూ మీద నిలబెట్టిండు" అన్నాడు. లోపలికెళ్లి తన పాత గొడ్డలి తెచ్చి చూపించాడు. కామను రంధ్రంలోంచి పైకి తీసి, పైకొసను చీల్చి చీల కొట్టారు. దాంతో కర్ర కొస వెడల్పై, తల బయటకు జారకుండా పట్టేసింది. నాదాంట్లో ఊపిన ప్రతిసారీ బలమంతా ఆ సన్నటి స్క్రూ మీదే. మెకానిక్స్ పరీక్ష రెండుసార్లు రాసినవాణ్ని, ఇది నాకు తట్టలేదు!

ఇంకో విషయం. దీనికి పదును పెట్టించి ఊరేగింపులో తిప్పుదాం అనుకునేరు. 2016 ఆయుధాల నిబంధనల్లో, పదునైన మారణాయుధాల జాబితాలో యుద్ధపు గొడ్డలి పేరు స్పష్టంగా ఉంది. ఇంటి పనికి, పొలం పనికి చేసినవాటికి మినహాయింపు ఉంది.

రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయింది. పిడి నా దగ్గరుంది. పుర్రె ఉన్న తలను మామ మేడ మీద టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు.