కొవ్వును అడ్డుకునే టీ ఇనుమునూ వదలదు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇప్ప గింజలను టోరా అంటారు. వాటి నూనెలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అందుకే చలి పూట అది నెయ్యిలా గడ్డకడుతుంది. ఆ నూనెతో వండిన కూర తిని గ్రీన్ టీ తాగితే కొవ్వు కరిగిపోతుందా?

కొవ్వు నేరుగా రక్తంలోకి చేరదు. చిన్నపేగులో పైత్యరసం దాన్ని సన్నని బిందువులుగా విడగొడుతుంది. క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము ఆ బిందువుల నుంచి కొవ్వు ఆమ్లాలను వేరుచేస్తుంది. అవి కొలెస్ట్రాల్‌తో కలిసి, పైత్య లవణాలు కట్టిన 'మిసెల్' అనే అతి సూక్ష్మమైన మూటల్లో పేగు గోడను చేరతాయి. గ్రీన్ టీలోని కాటెచిన్లు, ముఖ్యంగా ఈజీసీజీ, ఈ దారిలో రెండు చోట్ల అడ్డుతగులుతాయి. లైపేజ్ వేగాన్ని తగ్గిస్తాయి, మూటల్లోని కొలెస్ట్రాల్‌ను బయటికి నెడతాయి.

ఇదంతా పరీక్షనాళికల్లో, ఎలుకల్లో బాగానే కనిపించింది. మనుషుల దగ్గరకొచ్చేసరికి ఫలితం చిన్నది. 14 ప్రయోగాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణలో చెడు కొలెస్ట్రాల్ సగటున డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములకు కాస్త పైన మాత్రమే తగ్గింది. బరువు తగ్గడం కూడా వైద్యపరంగా లెక్కలోకి రానంత స్వల్పమని 2012 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. టీ ప్యాకెట్ల మీది రాతలు చదివితే మాత్రం అలా అనిపించదు! పోనీ మోతాదు పెంచుదామంటే, రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ ఉన్న మాత్రలు కాలేయానికి హాని చేయవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

బస్తర్ పల్లెల్లో ఎక్కువగా తాగేది పాలు పోయని లాల్ చాయ్. దానికి వాడే ఆకు తయారీలో గాలి తగిలి నల్లబడుతుంది, కాటెచిన్లు చాలావరకు వేరే పాలీఫినాల్స్‌గా మారతాయి. అయినా ఒక గుణం పోదు. ఆకుపచ్చదైనా నల్లదైనా, టీలోని పాలీఫినాల్స్ పేగులో ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. అందులోనూ మొక్కల నుంచి వచ్చే ఇనుమునే ఎక్కువగా అడ్డుకుంటాయి. ఇక్కడివారికి రాగి అంబలి (మాండియా పేజ్), ఆకుకూరల ద్వారా అందేది ఆ ఇనుమే.

స్త్రీలలో, పిల్లల్లో రక్తహీనతను తగ్గించడానికి ఛత్తీస్‌గఢ్ 2019లో ముఖ్యమంత్రి సుపోషణ్ అభియాన్ మొదలుపెట్టింది. అలాంటిచోట టీ వల్ల తగ్గే కాస్త కొలెస్ట్రాల్ కన్నా, చేజారే ఇనుమే పెద్ద లెక్క. టీ మానక్కర్లేదు. అన్నం తిన్నాక కనీసం గంట ఆగి తాగితే ఇనుముకు కలిగే నష్టం బాగా తగ్గుతుంది. ఐరన్ మాత్రను చాయ్‌తో కాక నీళ్లతోనో, నిమ్మరసంతోనో మింగాలి. నిమ్మలోని విటమిన్ సి ఇనుము ఒంటపట్టడానికి తోడ్పడుతుంది.