పటంపై యుద్ధం... బిళ్లపై అచ్చు తప్పు!

రచ్చబండ మీద పులి-మేక ఆడేవారికి తెలుసు. గీత ఒకటి తప్పు పడితే మేకకు దారి మూసుకుపోతుంది. లేదా పులికి లేని దారి పుట్టుకొస్తుంది. ఎవరో ఒకరు చూసి సుద్దముక్కతో దిద్దుతారు. తగవు అక్కడితో సరి. కానీ వేల పెట్టెల్లో అచ్చయి, ఇళ్లకు చేరిపోయిన ఆటలో గీత తప్పితే ఎవరు దిద్దాలి? ఖర్చు ఎవరు భరించాలి? అమెరికాలో చారిత్రక యుద్ధ క్రీడలు తయారుచేసే వారికి ఏళ్ల తరబడి తప్పని చిక్కు ఇది.

బల్ల మీద రణరంగం

చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద మళ్లీ నడిపించే ఆటలివి. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు ఇలాంటి ఆటనే చేపట్టింది. అమెరికాలో దీన్ని ఇళ్లలోకి తెచ్చినవారు మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన చార్లెస్ రాబర్ట్స్. 1954లో 'టాక్టిక్స్' అనే ఆటను సొంతంగా అచ్చువేసి అమ్మారు. 1958లో ఆయన సంస్థ 'అవలాన్ హిల్' గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని ఆటగా తెచ్చింది. 1863 నాటి ఆ పోరుకు మొదట నలుపలకల గడులు గీశారు. 1961 ముద్రణలో వాటిని ఆరు పలకలకు మార్చారు. 1964లో మళ్లీ నలుపలకలకే వచ్చారు. పేరు ఒకటే, ఆట మాత్రం మూడు తీర్లు!

తప్పు ఎక్కడ దొర్లుతుంది?

పెట్టెలో పటం, నియమాల పుస్తకం, పాచికలు, అర అంగుళం అట్టబిళ్లలు ఉంటాయి. ఒక్కో బిళ్ల ఒక్కో సైనిక దళం. దాని బలమెంత, ఎన్ని గడులు నడవగలదు అన్నది బిళ్ల మీద అంకెల్లో ఉంటుంది. బలం నాలుగు ఉండాల్సిన చోట ఏడు పడిందనుకోండి. ఓడవలసిన దళం గెలిచి కూర్చుంటుంది. పటంలో నది ఒక గడి జరిగితే, అడ్డు లేని చోట సైన్యం ఆగిపోతుంది.

కత్తిరింపులోనూ చిక్కే. బిళ్లకు ముందు వైపు దళం పూర్తి బలం, వెనుక వైపు దెబ్బతిన్నాక మిగిలిన బలం అచ్చువేస్తారు. రెండు వైపులా అచ్చు కుదరకపోయినా, కోత అచ్చు కాస్త జరిగినా అంకె సగం తెగిపోతుంది. 1979లో వచ్చిన ఉత్తర ఆఫ్రికా యుద్ధం ఆటలో బిళ్లలు సుమారు 1,600. అన్నింటినీ తప్పు లేకుండా చూడటం ఎంత పనో ఊహించుకోవచ్చు.

మందు ఏమిటి?

పుస్తకాలకు వేసినట్టే వీటికీ తప్పొప్పుల పట్టిక వేస్తారు. 1990లో మొదలైన జి.ఎం.టి. సంస్థ ఆటలకు సరిచేసిన బిళ్లలు 'సీ త్రీ ఐ' అనే పత్రికతో పాటు వచ్చాయి. దిద్దిన నియమాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతున్నారు.

పటం దిద్దాలంటే మాత్రం పునర్ముద్రణే దారి. అమ్ముడుపోకపోతే పెట్టుబడి గోదాములో ఇరుక్కుంటుంది. అందుకే ఆ సంస్థ ముందుగా ఆర్డర్లు తీసుకుంటుంది. 500 చేరాక పని ముందుకు సాగుతుంది. అచ్చుకు సిద్ధమయ్యాకే డబ్బు తీసుకుంటుంది. 2005లో కాగితపు పటంతో వచ్చిన 'ట్విలైట్ స్ట్రగుల్' 2009 ముద్రణలో గట్టి అట్ట పటంతో వచ్చింది.

మొదట కొన్నవారి మాటేమిటి?

అసలు పేచీ ఇక్కడే. కొత్త ముద్రణలో తప్పులు పోతాయి. నమ్మి ముందుగా కొన్నవారి దగ్గర పాతదే మిగులుతుంది. వారి కోసం మారిన బిళ్లలు, పటం విడిగా ఇచ్చే పద్ధతి ఉంది. కొన్నిసార్లు దానికీ డబ్బు కట్టాలి. తప్పు చేసింది ఒకరు, మూల్యం చెల్లించేది మరొకరు.

పాసుపుస్తకంలో సర్వే నంబరు ఒక్క అంకె తప్పితే ఎన్నిసార్లు తిరగాలో మన రైతులకు చెప్పనక్కరలేదు. ఆటైనా, భూమైనా, అంకెను నమ్మే మనిషి లెక్క వేసుకుంటాడు. తప్పును దాచకుండా, అడగకముందే పట్టిక వేసి పంపడం అచ్చువేసినవారి కనీస బాధ్యత.