వృశ్చికానికి మృత్యువా?

గత దీపావళినాడు బెంగళూరులో మా ఇంట్లో జరిగిన సంగతి. అమ్మాయి స్నేహితురాలు టారో కార్డులు తెచ్చింది. "నువ్వు పుట్టింది నవంబరు 10న కనుక నీది వృశ్చికం, నీ కార్డు ఇదీ" అంటూ పదమూడో నంబరుది చూపించింది. తెల్లగుర్రం మీద అస్థిపంజరం! పేరు మృత్యువు. మర్నాడే పిల్ల కొత్త ఉద్యోగానికి పుణే ప్రయాణం. అత్తగారు దేవుడి దగ్గర్నుంచి లేవలేదు. నాకూ నిద్ర పట్టలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. టారో 15వ శతాబ్దంలో ఇటలీలో పేకాటగా మొదలైంది. మొత్తం 78 కార్డులు. ఇప్పుడు వాడుకలో ఉన్న రాశుల జోడింపు 1888లో లండనులో వెలసిన గోల్డెన్ డాన్ సంఘం వారిది. మేం చూసిన బొమ్మలు 1909లో అచ్చయినవి, పమేలా కోల్మన్ స్మిత్ గీసినవి. ఆ కార్డులో దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు. ఒక దశ ముగిసి మరొకటి మొదలవుతుందని అర్థం, చావని కాదు. వృశ్చికానికి మరో మూడున్నాయి: ఐదు కప్పులది పోయినదానికి దుఃఖం, ఆరు కప్పులది చిన్ననాటి జ్ఞాపకం, ఏడు కప్పులది పగటికల.

ఇంకో మాట. వాళ్ళ రాశి సూర్యుణ్ణి బట్టి, మన జన్మరాశి చంద్రుణ్ణి బట్టి. మా అమ్మాయిది రోహిణీ నక్షత్రం, వృషభరాశి!

అంతా విని అత్తగారు నవ్వారు. "ఇల్లు వదలడమేనా దాని అర్థం? నెల్లూరు వదిలి ఈ ఊరొచ్చిననాడే నాకు ఆ కార్డు పడింది లేవే!"