మండుటెండలో చిగురెలా?

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "మా ఆఫీసు గేటు దగ్గరి కానుగ చెట్లు ఏటా శివరాత్రి వెళ్లాక ఆకు రాలుస్తాయి, ఉగాదికల్లా లేత ఆకుతో నిండిపోతాయి. అక్టోబరు తర్వాత గట్టి వాన పడలేదు, ముందేమో ఏప్రిల్, మే నెలలు కాచుకుని ఉన్నాయి. నీళ్లు దాచుకోవాల్సిన రోజుల్లో ఈ ఖర్చేమిటి?"

ఉగాది చిగురును కోయిలకు అప్పగించి ఊరుకునే మనకు ఈ అనుమానం సాధారణంగా రాదు. వృక్షశాస్త్రజ్ఞులను మాత్రం ఇది చాలాకాలం తికమకపెట్టింది. 2006లో స్టీఫెన్ ఇలియట్, పాట్రిక్ బేకర్, రోల్ఫ్ బోర్చెర్ట్ ఆసియా రుతుపవన అడవుల మీద రాసిన పరిశోధన పత్రంలో, ఎండాకాలపు చిగురును వైరుధ్యమని శీర్షికలోనే అన్నారు. జవాబు దొరకాలంటే ఆకును వదిలి మానులోకి వెళ్లాలి.

ముందు పాఠం త్వరగా ముగిద్దాం. ఆకు మీది పత్రరంధ్రాలు తెరుచుకుంటేనే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది. తెరుచుకుంటే నీటి ఆవిరి బయటికి పోతుంది. వేరు పీల్చిన నీటిలో తొంభై శాతానికి పైగా ఇలా గాలిపాలయ్యేదే. ఇంతవరకూ బడి పుస్తకంలో ఉంది. ఆ నీరు అంత ఎత్తుకు ఎలా ఎక్కుతుందన్న దగ్గరే కథ రంజుగా మారుతుంది.

పైనుంచి ఎంత బలంగా పీల్చినా పంపు నీటిని 10.3 మీటర్లకు మించి లేపలేదు. బావుల దగ్గర మోటార్లు బిగించేవాళ్లందరికీ ఈ హద్దు అనుభవమే. మరి ముప్పై మీటర్ల చెట్టు మాటేమిటి? మానులో ఎక్కడో గుండెలాంటిది కొట్టుకుంటూ ఉండాలని పందొమ్మిదో శతాబ్దంలో చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని 1890ల మొదట్లో జర్మనీలోని బాన్ నగరంలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ చాలా మోటుగా పరీక్షించాడు. ఇరవై మీటర్లు దాటిన ఓక్ చెట్టును మొదలంటా కోయించి పిక్రిక్ ఆమ్లంలో నిలబెట్టాడు. విషం దారిలోని జీవకణాలను చంపుకుంటూ పైదాకా పోయింది. ఆ తర్వాత పెట్టిన రంగునీళ్లూ ఎక్కాయి. చచ్చిన చెట్టు కూడా నీళ్లు లాగుతోందంటే పంపు కథ ముగిసినట్టే.

అతని దగ్గర చదువుకుని డబ్లిన్ వెళ్లిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీతో కలిసి 1894లో అసలు సంగతి చెప్పాడు. ఆకులోంచి నీరు ఆవిరవుతుంటే దాని వెనకున్న నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ లాగుడు కొమ్మల మీదుగా, మాను మీదుగా వేరు కొసదాకా పాకుతుంది. చెట్టు నీటిని కింది నుంచి తొయ్యదు, పైనుంచి సాగదీస్తుంది. అందుకు కావలసిన శక్తి ఎండదే, చెట్టుకు పైసా ఖర్చు లేదు.

ఇది మింగుడుపడని వాళ్లలో మన జగదీశ్ చంద్ర బోస్ ఒకరు. ద్రవం సాగదీస్తే తెగదా అన్న శంక ఆనాడు చాలామందికి ఉండేది. స్ట్రాస్‌బర్గర్ ప్రయోగం జరిగిన మూడు దశాబ్దాలకు, 1923లో, బోస్ ఇదే విషయం మీద పెద్ద పుస్తకం వేశారు. బెరడు లోపలి జీవకణాలు లయబద్ధంగా కొట్టుకుంటూ రసాన్ని పైకి పంపుతాయని ఆయన వాదన. ఆయన చేయించిన పరికరాల సున్నితత్వానికి ఈనాటికీ దండం పెట్టాల్సిందే. కానీ నీరు నడిచే దారి బెరడులో లేదు, చెక్కలోని నిర్జీవమైన దారునాళాల్లో ఉంది. ఆయన మీది భక్తి కొద్దీ ఆ పుస్తకాన్ని ఇప్పటికీ వేదవాక్కులా ఉటంకించే వ్యాసాలు కనిపిస్తుంటాయి. అది ఆయనకు గౌరవమేమీ కాదు.

లాగుడు ఎంతో కొలిచి చూపిన ఘనత పెర్ షోలాండర్ బృందానిది, 1965లో. కోసిన కొమ్మను ఉక్కు గదిలో బిగించి, కాడ కొసను బయటికి ఉంచి, లోపల వాయువు ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. కోసిన ముఖం మీద చెమ్మ మెరిసిన క్షణాన మీటరు చూపే అంకె చెట్టు లోపలి లాగుడికి సమానం. అమెరికాలో ఆకాశాన్నంటే డగ్లస్ ఫర్ చెట్ల చిటారు కొమ్మలు అందకపోతే తుపాకీతో పేల్చి దించారట! ఉష్ణమండలపు పొడి అడవుల్లో వేసవి మధ్యాహ్నం ఈ లాగుడు వాతావరణ పీడనానికి ఇరవై నుంచి నలభై రెట్లు ఉండటం మామూలే. కారు టైరులో గాలి రెండున్నర రెట్లయినా ఉండదు.

ఇంతలా సాగిన నీరు తెగదా అంటే, తెగుతుంది. పక్క నాళంలోంచి సన్నని రంధ్రం గుండా చిన్న గాలి బుడగ జొరబడితే చాలు, నీటి తీగ పుటుక్కున తెగి నాళమంతా ఖాళీ అవుతుంది. ఆ చప్పుడును తొలిసారి జాన్ మిల్బర్న్, జాన్సన్ 1966లో విన్నారు. విన్నది ఏ మహావృక్షంలోనో కాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలలో ఏటా కనబడే ఆముదం మొక్క ఆకులో. కంపనాలు పట్టే పికప్‌ను ఆకు కాడకు ఆనించి యాంప్లిఫయర్‌కు కలిపారు. ఆకు వాడుతున్న కొద్దీ టిక్కు టిక్కుమని శబ్దాలు వచ్చాయి. కోసిన చోట నీటి చుక్క వేస్తే ఆగిపోయాయి.

2023 మార్చిలో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు నీళ్లందని టమాటా, పొగాకు మొక్కల నుంచి వెలువడే అతిధ్వనులను మైకుతో, మొక్కను తాకకుండా, దూరం నుంచే రికార్డు చేశారు. దప్పికతో ఉన్న మొక్క గంటకు ముప్పై నుంచి యాభై టిక్కులు చేస్తే, నీళ్లున్నది ఒకటైనా చేయలేదు. మన చానళ్లు ఒక రోజంతా "మొక్కలు ఏడుస్తున్నాయి" అని ఊదరగొట్టాయి. పరిశోధకులే ఆ మాట అనలేదు. శబ్దం చాలావరకు నాళాల్లో బుడగలదే కావచ్చన్నారు. ఏడుపు కంటే బుడగే ఆసక్తికరం, కానీ దానికి టీఆర్‌పీ రాదు.

బుడగ భయం చెట్టు ఒళ్లంతా కనిపిస్తుంది. నాళం వెడల్పు రెట్టింపైతే ప్రవాహం పదహారు రెట్లవుతుంది, కానీ వెడల్పాటి నాళాల్లో తీగ తెగే ప్రమాదమూ ఎక్కువ. తేకు తొలకరికి వేసే నాళాలు చెక్క అడ్డకోతలో కంటికి కనిపించేంత పెద్దవి. వానలున్నన్నాళ్లూ దర్జాగా తాగి, ఎండాకాలం మోడై నిలబడటం దాని పద్ధతి. 2012లో బ్రెండన్ చోట్ బృందం ప్రపంచవ్యాప్తంగా 226 జాతుల లెక్కలు చూస్తే, దాదాపు 70 శాతం చెట్లు తెగే గీతకు బాగా దగ్గరగానే రోజులు వెళ్లదీస్తున్నాయి. తడి అడవి, పొడి అడవి అన్న తేడా పెద్దగా లేదు.

ఇప్పుడు కానుగ దగ్గరికి వద్దాం. ముదిరిన ఆకుకు పత్రరంధ్రాలను గట్టిగా మూసే పట్టు తగ్గుతుంది, నీరు కారిపోతూనే ఉంటుంది. అలాంటి ఆకులన్నిటినీ చెట్టు ఒక్కసారి వదిలించుకుంటే లాగుడు ఆగుతుంది. లోతు వేళ్లు మెల్లగా తెచ్చే నీరు, ఖర్చు లేక, మానులో నిండుతుంది. 1980ల్లో కోస్టారికా పొడి అడవుల్లో పీటర్ రీక్, బోర్చెర్ట్ చెట్ల చుట్టుకొలతలు వరసగా తీసి చూశారు. ఎండకు కుంచించుకుపోయిన మాను, ఆకు రాలాక మళ్లీ ఉబ్బింది. ఆ తర్వాతే మొగ్గ విచ్చింది. మోదుగ, రేల ఆకు రాల్చి పూయడంలోనూ ఇదే సూత్రం. ఎప్పుడు చిగురించాలో పొడుగవుతున్న పగలు చెబుతుంది. తొలకరికి పూర్తిగా ఎదిగిన కొత్త ఆకులతో సిద్ధంగా ఉన్న చెట్టు మొదటి వానను ఒక్క రోజూ వృథా చేయదు. పాఠకుడు ఖర్చనుకున్నది నిజానికి పెట్టుబడి.

ఈ ఏర్పాటుకు లోతు వేరు కావాలి. సైబరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. దాని పగుళ్లలో, కుళ్లిన రాతి పొరల్లో నీరు నిలుస్తుంది. వేప, మోదుగ, రేల వేళ్లు అక్కడికే దిగుతాయి. వేసవిలో చూసేవాడికి ఆ నేల ఎండిన పొదల బీడులా ఉంటుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీద 2025లో జరిగిన వాదన కూడా అది బీడా, అడవా అన్నదే. రికార్డుల్లో అది అడవి కాదని ప్రభుత్వం అంది. జేసీబీలు దిగింది మార్చి 30న, సరిగ్గా ఉగాది రోజు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించేసరికి వంద ఎకరాల దాకా చదునైపోయింది. కొట్టేసింది ఆకు రాల్చి, మాను నింపుకుని, చిగురేస్తున్న చెట్లను. శరీరధర్మం తెలిసినవాడు బీడనే మాట వాడడు.

కొట్టకుండా మిగిలినవాటి పరీక్ష వేరు. 30 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న రోజుతో పోలిస్తే, 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మే మధ్యాహ్నం గాలి దాహం మూడున్నర రెట్లు. గాలిలో తేమ పెరగకుండా మరో డిగ్రీ వేడెక్కితే ఇంకో ఆరేడు శాతం ఎక్కువ. తీగ తెగకుండా చెట్టు పత్రరంధ్రాలు మూసేస్తుంది. మూస్తే చల్లదనమూ ఆగుతుంది, ఆకు గాలికంటే వేడెక్కుతుంది. ఉష్ణమండల ఆకుల్లో కిరణజన్య సంయోగ క్రియ సుమారు 46.7 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలవుతుందని 2023లో క్రిస్టఫర్ డౌటీ బృందం హెచ్చరించింది. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల్లో అద్దాల గోడ కొట్టే వెలుగు ఎదురుగా నిలిచిన చెట్టుకు ఆ అంకె మరీ దూరంలో లేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రంధ్రాలు తక్కువ తెరిచినా పని జరుగుతుందనే ఊరట ఒకటుంది. దాహం ఇలా పెరిగితే అది ఏ మూలకు?

ఇదంతా తెలిసి ఊళ్లో చెట్లకు ఒరిగిందేమిటో చెప్పమంటే సణుగుడే వస్తుంది. 2015 జులైలో హరితహారం మొదలైనప్పటి నుంచీ నాటిన మొక్కల లెక్కే వినిపిస్తోంది, గుంట లోతు లెక్క వినిపించదు. ఫుట్‌పాత్ టైల్స్‌ను మాను బెరడుకు ఆనించి సిమెంటు పోస్తే వాన చుక్క లోపలికి దిగదు, వేరుకు గాలి ఆడదు, మాను నిండదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ పాఠకుడు తన గేటు దగ్గరి కానుగల చుట్టూ సిమెంటు లేని నేల ఎంత ఉందో టేపు పెట్టి కొలిచి, వచ్చిన అంకెను భవనం నిర్వాహకులకు మెయిల్ చేస్తే మంచిది. ఆకు రాలే ఫిబ్రవరికి ముందే చేస్తే మరీ మంచిది.