తొలగింపు పద్ధతి: మహావీరాచార్యుని సూత్రం – సాలూరు సంత లెక్క

వ్యాస సంగ్రహం:
రెండు అజ్ఞాత రాశులను రెండు సమీకరణాల ద్వారా కనుగొనే తొలగింపు పద్ధతిని మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలోని ఒక సమస్య ఆధారంగా వివరించి, సాలూరు ప్రాంతపు సంత లెక్కకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాధనకు ముందు రెండవ సమీకరణం కొత్త సమాచారాన్ని ఇస్తున్నదో లేదో పరీక్షించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తొలగింపు పద్ధతి, చరరాశి, గుణకం, గణితసారసంగ్రహం, సాలూరు.

1. ఉపోద్ఘాతం:
పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు తూర్పు కనుమల పాదంలో ఉన్న పట్టణం. ఒడిశాకు వెళ్లే ఘాట్ రోడ్డుకు ఇది ముఖద్వారం. పరిసరాలలోని కొండలపై జాతాపు, కొండదొర, సవర మొదలైన గిరిజనులు నివసిస్తున్నారు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు ఈ మన్యం నుండి సంతలకు దిగే సరుకులలో ముఖ్యమైనవి.

రెండు రకాల సరుకును కలిపి తూచి, ఒకే మొత్తంగా సొమ్ము చెల్లించినప్పుడు ఏ సరుకుకు ఎంత ధర పడిందో అమ్మినవారికి తెలియదు. ధర తెలియనిదే నష్టం ఎక్కడ జరిగిందో చెప్పలేరు. పదవ తరగతి పాఠ్యపుస్తకంలోని తొలగింపు పద్ధతికి ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉంది.

2. ఒక సమీకరణం చాలకపోవడం:
ఉదాహరణకు ఒక కుటుంబం ఒక వారం 5 కిలోల చింతపండు, 2 కిలోల పసుపు అమ్మి 430 రూపాయలు పొందిందనుకుందాం. (ఇవి వివరణ కోసం ఊహించిన అంకెలు.) చింతపండు కిలో 60, పసుపు కిలో 65 అయినా మొత్తం 430 అవుతుంది. చింతపండు 40, పసుపు 115 అయినా అంతే. కాబట్టి ఒక్క మొత్తం నుండి ధరలు నిర్ణయం కావు.

మరుసటి వారం అవే ధరలకు 3 కిలోల చింతపండు, 4 కిలోల పసుపు అమ్మగా 510 రూపాయలు వచ్చాయి. ఇప్పుడు రెండు సమీకరణాలు ఉన్నాయి. మొదటిదాన్ని అంతటా 2తో గుణిస్తే 10 కిలోల చింతపండు, 4 కిలోల పసుపు, 860 రూపాయలు అవుతుంది. రెండు లెక్కలలోనూ పసుపు 4 కిలోలే కనుక ఒకదాని నుండి మరొకటి తీసివేస్తే పసుపు తొలగిపోతుంది. మిగిలేది 7 కిలోల చింతపండు, 350 రూపాయలు. అంటే చింతపండు కిలో 50. ఈ విలువను మొదటి లెక్కలో ప్రతిక్షేపిస్తే పసుపు కిలో 90. చింతపండుకు పడిన ధరను గిరిజన సహకార సంస్థ ప్రకటించిన కొనుగోలు ధరతో ఇప్పుడు పోల్చి చూడవచ్చు.

3. మహావీరాచార్యుని సూత్రం:
ఇటువంటి లెక్కలు భారతీయ గణితానికి కొత్తవి కావు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. దీనిని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా ఆ రచన ప్రసిద్ధి పొందింది.

మూలగ్రంథంలో ఒక సమస్య ఇలా ఉంది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల వెల 101. ఒక్కొక్కదాని వెల ఎంత? దీనికి మహావీరుడిచ్చిన సూత్రం ప్రకారం పెద్ద వెలను పెద్ద సంఖ్యతో, చిన్న వెలను చిన్న సంఖ్యతో గుణించి, ఆ లబ్ధాల భేదాన్ని సంఖ్యల వర్గాల భేదంతో భాగించాలి. 107×9 – 101×7 = 256. 81 – 49 = 32. 256ను 32తో భాగిస్తే మాదీఫలం వెల 8 వస్తుంది. వెలగపండు వెల 5.

ఈ సూత్రం తొలగింపు పద్ధతికి సంక్షిప్త రూపమే. మొదటి లెక్కను 9తో, రెండవదాన్ని 7తో గుణిస్తే వెలగపండ్లు రెండింటిలోనూ 63 అవుతాయి. తీసివేస్తే 32 మాదీఫలాలు, 256 వెల మిగులుతాయి. సూత్రంలో చెప్పని మధ్య మెట్టును తొలగింపు పద్ధతి బయటపెడుతుంది.

4. సూత్రం పనిచేయని చోటు:
పై సమస్యలో రెండు రకాల పండ్లూ ఎనిమిదేసి చొప్పున ఉంటే వర్గాల భేదం సున్న అవుతుంది. సున్నతో భాగహారం కుదరదు. కారణం స్పష్టమే. 8, 8 పండ్ల లెక్కను తారుమారు చేసినా అది 8, 8గానే ఉంటుంది. రెండవ వాక్యం కొత్త సంగతి ఏదీ చెప్పదు.

సంత లెక్కలోనూ ఇంతే. రెండవ వారం 10 కిలోల చింతపండు, 4 కిలోల పసుపుకు 860 రూపాయలు వస్తే అది మొదటి లెక్కకు రెట్టింపు మాత్రమే. ఇవి పరస్పరాధారిత సమీకరణాలు. వీటికి అనంత సాధనలు ఉంటాయి. అదే సరుకుకు 800 రూపాయలే వస్తే రెండు లెక్కలకూ సరిపడే ధరలు ఉండవు. ఇవి అసంగత సమీకరణాలు. అప్పుడు ధర మారి ఉండాలి, లేదా తూకంలోనో కూడికలోనో తేడా ఉండాలి. సాధన లేకపోవడం కూడా ఇక్కడ ఒక సమాచారమే.

5. చారిత్రక విస్తృతి:
బ్రహ్మగుప్తుడు, భాస్కరాచార్యుడు అజ్ఞాత రాశులను రంగుల పేర్లతో వ్యవహరించారు. భాస్కరుని బీజగణితంలో యావత్తావత్ తరువాత కాలకం, నీలకం, పీతకం వంటివి వస్తాయి. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటి నవాధ్యాయ గణిత గ్రంథం, ధాన్యపు కట్టల దిగుబడి లెక్కలను గణన పుల్లలతో ఇదే విధంగా సాధించింది. అందువల్ల నేడు జర్మన్ శాస్త్రవేత్త గౌస్ పేరుతో వ్యవహరిస్తున్న ఈ పద్ధతికి ఆయన ఆద్యుడు కాడు.

6. ఉపసంహారం:
తొలగింపు అంటే ఒక రాశిని పారవేయడం కాదు. రెండు వాక్యాలలో దానిని సమానం చేసి, తాత్కాలికంగా పక్కన పెట్టి, రెండవ రాశి తెలిసిన తరువాత తిరిగి రాబట్టడం. తరగతి గదిలో గుణకాల గుణకారం మాత్రమే నేర్పి, రెండు సమీకరణాలూ పరస్పరం స్వతంత్రమైనవేనా అనే ప్రశ్నను వదిలివేస్తే విద్యార్థికి సగమే అందుతుంది. మాదీఫలాల బదులు చింతపండు, పసుపులతో ఈ పాఠం చెబితే మన్యం విద్యార్థి తన ఇంటి లెక్కను తానే సరిచూసుకోగలడు.