దేశం పొలిమేరలో ఒక ఊరు – హల్దీబారీ



మన ఊరికి ఒక పొలిమేర ఉంది. అక్కడ ఒక రాయో, ఒక చెట్టో గుర్తుగా ఉంటుంది. దాన్ని దాటి పక్క ఊరికి కూలికి పోతాం. పెళ్లికి పోతాం. సంతకు పోతాం. మనల్ని ఎవరూ ఆపరు. "నీ పేరేంటి? నీ కాగితం ఏది?" అని అడగరు.

దేశానికి కూడా పొలిమేర ఉంటుంది. దాన్ని సరిహద్దు అంటారు. దాన్ని దాటాలంటే కాగితాలు కావాలి. మరి సరిహద్దు పక్కనే బతికే వాళ్ల సంగతి ఏమిటి? అలాంటి ఒక చిన్న పట్నం గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఊరు ఎక్కడుంది?

పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలో ఉత్తరం వైపు కూచ్ బిహార్ అనే జిల్లా ఉంది. ఆ జిల్లాలోదే హల్దీబారీ. కలకత్తాలో రైలెక్కితే ఒక రాత్రంతా ప్రయాణం. ఊరికి తూర్పున తీస్తా నది పారుతుంది. దక్షిణాన కొంచెం దూరం పోతే బంగ్లాదేశ్ వస్తుంది. హల్దీబారీ రైల్వే స్టేషను నుంచి సరిహద్దు నాలుగున్నర కిలోమీటర్లే.

హల్ది అంటే పసుపు. బారీ అంటే ఇల్లు. పేరులో పసుపు ఉన్నా ఇప్పుడు ఈ ఊరికి పేరు తెచ్చింది టమాటా, మిరప. చలికాలంలో చుట్టుపక్కల పల్లెల నుంచి టమాటా ఇక్కడికి వస్తుంది. ఇక్కడి నుంచి లారీల్లో వేరే రాష్ట్రాలకు పోతుంది. టమాటా అంటే మనకు మదనపల్లె ఎలాగో, వాళ్లకు హల్దీబారీ అలాగ. వరి, జనుము కూడా పండిస్తారు.

ఊళ్లో హుజూర్ సాహెబ్ దర్గా ఉంది. ఏటా ఫిబ్రవరిలో అక్కడ పెద్ద తిరునాళ్లు జరుగుతాయి. మన ఉరుసుకు పోయినట్టే హిందువులు, ముస్లిములు ఇద్దరూ పోతారు.

పట్టాలు తెగిపోయాయి

బ్రిటిషువాళ్ల కాలంలో ఇక్కడ సరిహద్దు లేదు. కలకత్తా నుంచి ఉత్తరానికి పోయే రైలు హల్దీబారీ మీదుగానే పోయేది. దక్షిణాన తర్వాతి స్టేషను చిలాహటి. వాళ్లకు అది పక్క ఊరు.

1947లో దేశం రెండు ముక్కలైంది. చిలాహటి పాకిస్తాన్‌లోకి పోయింది. హల్దీబారీ ఇవతల ఉండిపోయింది. అయినా కొన్నేళ్లు రైలు నడిచింది. 1965లో భారతదేశానికీ పాకిస్తాన్‌కూ యుద్ధం వచ్చింది. రైలు ఆగిపోయింది. 1971లో ఆ ప్రాంతం బంగ్లాదేశ్ అనే కొత్త దేశమైంది. అప్పుడు కూడా ఈ దారి తెరవలేదు.

55 ఏళ్లు గడిచాయి. 2020 డిసెంబరు 17న రెండు దేశాల ప్రధానమంత్రులు ఈ దారిని మళ్లీ ప్రారంభించారు. 2021లో గూడ్సు బండ్లు వచ్చాయి. 2022 జూన్‌లో మితాలీ ఎక్స్‌ప్రెస్ అనే ప్రయాణికుల రైలు మొదలైంది. అది న్యూ జల్పాయ్‌గుడి నుంచి ఢాకాకు పోయేది. కాని హల్దీబారీ వాళ్లు తమ ఊళ్లో దాన్ని ఎక్కడానికి లేదు. రైలు తమ ఊరి మీదుగా పోతుంటే చూడడమే. 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో గొడవలు జరిగాయి. అప్పుడు ఆ రైలు కూడా ఆగిపోయింది.

చేను మధ్యలో పరాయి మడి

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి వినండి.

మన చేను మధ్యలో వేరే వాళ్ల మడి ఒకటి ఉందనుకోండి. ఆ మడికి పోవాలంటే వాళ్లు మన గట్టు తొక్కాలి. మనం వద్దంటే వాళ్ల గతి ఏమిటి?

ఇక్కడ ఊళ్లే అలా ఉండేవి. వాటిని చిట్‌మహల్ అంటారు. బంగ్లాదేశ్ భూమి మధ్యలో మన దేశం ముక్కలు 111 ఉండేవి. మన భూమి మధ్యలో వాళ్ల ముక్కలు 51 ఉండేవి. రాజులు జూదంలో ఊళ్లను పందెం కాశారని, అందుకే ఇలా అయిందని జనం కథగా చెప్పుకుంటారు. నిజానికి ఇవి పాతకాలంలో కూచ్ బిహార్ రాజులకూ మొగలు పాలకులకూ మధ్య జరిగిన పంపకాల్లో మిగిలిన ముక్కలు. సరిహద్దు గీసినప్పుడు అవి అలాగే చిక్కుకుపోయాయి.

అలాంటి ఊళ్లలో చాలా వాటికి కాగితం మీద పోలీసు ఠాణా హల్దీబారీయే. కాని ఆ ఊళ్లు సరిహద్దుకు అవతల ఉన్నాయి. హల్దీబారీ పోలీసులు అక్కడికి పోలేరు. ఆ ఊళ్ల వాళ్లు ఇక్కడికి రాలేరు. కరెంటు లేదు. బడి లేదు. ఆసుపత్రి లేదు. ఓటు లేదు. పేరుకు భారతదేశం, చుట్టూ బంగ్లాదేశ్.

ఇవతల ఉన్న బంగ్లాదేశ్ ముక్కల్లో కూడా ఇదే బాధ. ఆ ఊళ్ల ఆడవాళ్లకు నొప్పులు వస్తే పక్కనున్న మన ఆసుపత్రికే రావాలి. కాని మన దేశం కాగితం వాళ్ల దగ్గర లేదు. అందుకని కొందరు వేరే ఊరి పేరు చెప్పేవారు. భర్త పేరు అడిగితే ఎవరో పరాయి మగవాడి పేరు చెప్పేవారు. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు కూడా తండ్రి పేరు అలాగే రాయించేవారు. కన్న తండ్రి ఇంట్లోనే ఉంటాడు. కాగితం మీద తండ్రి వేరొకడు! ఆ తల్లి మనసు ఎంత కుమిలి ఉంటుందో ఆలోచించండి.

కష్టం తీరిన రాత్రి

1974లోనే రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. అది అమలు కావడానికి 41 ఏళ్లు పట్టింది. 2015లో మన పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది. 2015 జూలై 31 అర్ధరాత్రి రెండు దేశాలు ఆ ఊళ్లను మార్చుకున్నాయి. ఎవరి భూమి మధ్యలో ఉన్న ముక్క వాళ్లదైంది. ఏ దేశంలో ఉండాలో జనమే చెప్పుకోవచ్చు అన్నారు.

ఇవతలి ఊళ్లలోని సుమారు 14,000 మంది మన దేశ పౌరులయ్యారు. 2016 ఎన్నికల్లో వాళ్లు మొదటిసారి ఓటు వేశారు. వాళ్లలో పండు ముసలివాళ్లు కూడా ఉన్నారు.

అవతలి ఊళ్ల నుంచి 900 మందికి పైగా మన దేశానికి వచ్చారు. వాళ్లలో కొందరిని హల్దీబారీ శిబిరంలో ఉంచారు. మొదట రేకుల ఇళ్లు ఇచ్చారు. తర్వాత పక్కా ఇళ్లు కట్టారు. కాని వాళ్ల పొలాలు అవతలే ఉండిపోయాయి. సేద్యం చేసుకున్న చేతులు కూలి పని వెతుక్కోవలసి వచ్చింది. దేశం దొరికింది. బతుకుతెరువు మాత్రం మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మనం ఏం తెలుసుకున్నాం?

కాగితం మీద గీసిన గీత రైలును ఆపింది. కాగితం లేక ఒక తల్లి తన భర్త పేరు తాను చెప్పుకోలేకపోయింది. కాగితం వచ్చాక ముసలివాళ్లు ఓటు వేశారు.

అక్కలారా! మన ఇంట్లో కూడా కాగితాలు ఉన్నాయి. పెట్టెలోనో, గోడకు తగిలించిన సంచిలోనో ఉంటాయి. ఇన్నాళ్లూ వేరే వాళ్లు చదివి చెబితే విన్నాం. ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. ఈ రాత్రి ఆ కాగితాలు బయటికి తీయండి. మీ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చదవండి. తప్పు ఉంటే గుర్తు పెట్టుకోండి. రేపు కేంద్రానికి తీసుకురండి. దిద్దించుకోవడానికి అర్జీ ఎలా రాయాలో కలిసి నేర్చుకుందాం.

మాట్లాడుకోండి

1. హల్దీబారీలో రైలు ఎప్పుడు ఆగిపోయింది? ఎందుకు?
2. చిట్‌మహల్ అంటే ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
3. మీ ఇంట్లో పొలం పట్టా ఎవరి పేరున ఉంది? రేషను కార్డులో మీ పేరు సరిగా ఉందా?