టెన్నిసు మోచేయి - సూదిమందు

మోచేతి వెలుపలి ప్రక్కన తడిమి చూచినచో ఒక ఎముక గుబ్బ తగులును. మణికట్టును వెనుకకు ఎత్తు కండరములు స్నాయుబంధనమను గట్టి నారపట్టీచే ఈ గుబ్బకు అతుకుకొని యున్నవి. ఆ పట్టీ చెడినపుడు బిందె ఎత్తుట, తడిబట్ట పిండుట కూడ బాధాకరమగును. 1882లో ఇంగ్లండులో హెన్రీ మారిస్ అను వైద్యుడు టెన్నిసు ఆటగాండ్ర చేతినొప్పిని గూర్చి వ్రాసెను. పేరు అట్లు నిలిచినది. నిజమునకు ఈ రోగులలో పెక్కుమంది ఆ ఆట ఆడి ఎరుగరు. సుత్తి, రంపము పట్టి పనిచేయు వడ్రంగులకు ఇది తరచుగా వచ్చును.

1948లో కార్టిసోను అను హార్మోనును కీళ్లవాతపు రోగికి తొలిసారి ఇచ్చిరి. తరువాతి దశాబ్దములో ఆ జాతి మందును నొప్పియున్న మోచేతిలోనికి సూదితో ఎక్కించుట వాడుకలోనికి వచ్చినది. నొప్పికి వాపే మూలమని అప్పటి తలంపు. వాపును అణచుటలో ఈ మందు దిట్ట. కొన్నాళ్లకే నొప్పి తగ్గుచుండుటచే దాని గుణమును శంకించినవారు తక్కువ. అయితే సూది వేయించుకొననివారి సంగతి ఏమి?

నెదర్లాండ్సులో 185 మంది రోగులను చీట్లు వేసిన రీతిగా మూడు జట్లు చేసి పరీక్షించి, ఫలితములను 2002లో ప్రకటించిరి. ఒక జట్టుకు సూది వేసిరి. రెండవ దానికి మర్దనము, వ్యాయామము. మూడవ జట్టువారు జాగ్రత్తలు విని వేచియుండిరి, అంతే. ఆరు వారములకు సూది జట్టులో నూటికి 92 మందికి, వ్యాయామపు జట్టులో 47 మందికి, వేచినవారిలో 32 మందికి గుణము కనిపించినది. పరీక్షను అక్కడనే ముగించియున్నచో సూదికి సాటి లేదనవలసి వచ్చెడిది. 52 వారములకు లెక్క తారుమారైనది: సూది 69, వ్యాయామము 91, ఊరక వేచినవారు 83!

2013లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరీక్షలో కొందరికి మందు, కొందరికి వట్టి ఉప్పునీరు ఎక్కించిరి. ఏడాదిలో నొప్పి తిరుగబెట్టినవారు మందు పొందినవారిలో నూటికి 54 మంది. ఉప్పునీటివారిలో 12 మందే.

కారణము పూర్తిగా తేలలేదు. శస్త్రచికిత్సలో తీసిన పట్టీ ముక్కలను సూక్ష్మదర్శినితో చూడగా, వాపును తెలుపు కణములు అరుదు. అస్తవ్యస్తమైన నారలు, క్రొత్త రక్తనాళములే ఎక్కువ. 1979లోనే నిర్ష్ల్, పెట్రోన్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. వాపును అణచు మందు చెడిన నారను అతుకజాలదు గదా. నొప్పి పోగానే రోగి మరల బరువులెత్తుట కూడ ఒక కారణము కావచ్చును.

రోజుకూలిపై బ్రతుకు వడ్రంగికి ఆరు వారములు అల్పకాలము కాదు. అతడు సూదినే కోరవచ్చును. కాని ఏడాది లెక్కను కూడ వైద్యుడు అతనికి ముందుగా చెప్పవలెను.

ఇటీవల రోగి రక్తమునే తీసి, యంత్రములో గిరగిర త్రిప్పి, రక్తఫలకికలు దట్టముగానున్న భాగమును మోచేతిలోనికి ఎక్కించుచున్నారు. ఖర్చు ఎక్కువ, ఆశయు ఎక్కువే. ఇట్టి పరీక్షలను కలిపి పరిశీలించిన 2021 నాటి కాక్రేన్ సమీక్షలో, ఉత్తుత్తి సూదికంటె దీనివలన చెప్పదగినంత మేలు కనబడలేదు.